లోక మర్యాద నడుమ విశ్వాసిగా బతకడం: రోజువారీ పద్ధతులు

రోమా పత్రిక 12:2లో పాత తెలుగు అనువాదం "ఈ లోక మర్యాదను అనుసరింపక" అంటుంది. అక్కడ మర్యాద అంటే తీరు, కట్టుబాటు. ఇవాళ ఆ మాట వినగానే మనకు తోచేది వేరు: ఎదుటివాళ్ల మనసు నొప్పించకుండా మసలుకోవడం. చిత్రంగా ఈ రెండో అర్థం కూడా ఆ వచనానికి చక్కగా అతుకుతుంది. చాలాచోట్ల లౌకిక సంస్కృతి విశ్వాసిని బెదిరించదు. మర్యాదగానే అడుగుతుంది. "ఒక్క గుక్కే కదా." "ఆ అంకె కాస్త సర్దితే ఏం పోతుంది?" "దేవుడు గీవుడు ఇంట్లో చూసుకోండి, ఇక్కడెందుకు?" కాదంటే తప్పు మనదే అయినట్టుంటుంది.

చాలాసార్లు ఆ మాత్రం అడిగేవాళ్లు కూడా ఉండరు. పనివేళలు, ఫోను, అలసట కలిసి ప్రార్థన సమయాన్ని మింగేస్తాయి. ఆరు నెలలు గడిచాక చూసుకుంటే విశ్వాసం ఉన్నట్టే ఉంటుంది కానీ దానితో పనేమీ జరగడం లేదని తెలుస్తుంది. వాదనలో ఓడిపోయి విశ్వాసం వదిలేసినవాళ్ల కంటే వాడకం లేక తుప్పు పట్టనిచ్చినవాళ్లే ఎక్కువ. అందుకే కింద చెప్పేవాటిలో వాదనల పాలు తక్కువ. గడియారం, క్యాలెండరు, ముందే సిద్ధం చేసుకున్న నాలుగు మాటలు, ఇద్దరు ముగ్గురు మనుషులు, వీటి గురించే ఎక్కువ.

మొదట ఒక వారం లెక్క రాయండి

ఏదీ మార్చకముందు ఏడు రోజులు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ రాత్రి ఐదు నిమిషాలు చాలు. మూడు గడులు గీయండి. మొదటిదాంట్లో సమయం: నిద్ర, పని, ప్రయాణం, ఫోను, ఇంటివాళ్లు, దేవుడు. వారానికి 168 గంటలు, అవి ఎటు పోయాయో ఉజ్జాయింపుగా రాస్తే సరిపోతుంది. రెండోదాంట్లో అవసరం లేకుండా పెట్టిన ఖర్చు. మూడోది అసలైనది: ఆ రోజు మీరు నమ్మేదాన్ని ఎక్కడ దాచారు, ఎక్కడ మాట తిప్పారు, ఎక్కడ నవ్వకూడని జోకుకి నవ్వారు.

రాస్తున్నామన్న స్పృహతో మొదటి మూడు రోజులు అందరూ బుద్ధిగానే ఉంటారు. అందుకే తర్వాతి వారంలో ఇంకో మూడు రోజులు కలిపి మొత్తం పది రోజులు చూడండి. అప్పుడు ఒక విషయం బయటపడుతుంది. ఒత్తిడి నలువైపుల నుంచీ రావడం లేదు, రెండు మూడు చోట్ల నుంచే వస్తోంది. ఒకరికి అది శుక్రవారం సాయంత్రం స్నేహితుల బృందం, ఇంకొకరికి రాత్రి పదకొండు తర్వాత ఫోను, మరొకరికి నెలాఖరు రిపోర్టు. వాటిలో ఒక్కదాన్నే ఎంచుకుని ఆరు వారాలు దాని మీదే పని చేయండి. అన్నీ ఒకేసారి సరిదిద్దాలని పూనుకున్నవాళ్లు రెండో వారానికల్లా అన్నీ వదిలేస్తారు.

పొద్దున ఇరవై నిమిషాలు

రోజు మొదటి మాట ఎవరిదన్నది తేలిగ్గా తీసుకోకండి. లేవగానే ఫోను పట్టుకుంటే ఆ రోజు దేనికి భయపడాలో, దేన్ని కోరుకోవాలో, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ముందే ఎవరో నిర్ణయించి మీ చేతిలో పెట్టేసి ఉంటారు. ఆ తర్వాత బైబిలు తెరిచినా కళ్లు అక్షరాల మీద జారిపోతాయి.

ఫోను పడకగదిలో కాకుండా వేరేచోట ఛార్జింగ్‌కి పెట్టండి. లేపడానికి విడిగా ఒక అలారం గడియారం కొనండి. కాగితపు బైబిలు వాడండి. యాప్‌లో చదవకూడదని కాదు, మధ్యలో మెసేజ్ వచ్చిందంటే అధ్యాయం అక్కడితో అయిపోయినట్టే. ఇరవై నిమిషాలను ఇలా పంచుకోవచ్చు: రెండు నిమిషాలు మౌనం, పది నిమిషాలు వాక్యం, ఐదు నిమిషాలు ప్రార్థన, చివరి మూడు నిమిషాల్లో ఆ రోజుకి పట్టుకుపోయే ఒక్క వాక్యం చేత్తో రాసుకోవడం.

ఎంత చదవాలన్న దగ్గర ఆశ ఎక్కువై దెబ్బతింటారు. బైబిలు మొత్తం 1189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకి మూడు నాలుగు చదవాలి. జనవరిలో ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లు లేవీయకాండం దగ్గర ఆగిపోవడం అందరికీ తెలిసిన సంగతే. కొత్త నిబంధన 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒక అధ్యాయం చొప్పున సరిగ్గా 52 వారాలు. మిగిలిన రెండు రోజులు తప్పిపోయినవాటికి, లేదా కీర్తనలకు. అసలు అలవాటే లేనివాళ్లు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, మూడు వారాల్లో అయిపోతుంది.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండు రోజులది చదవకండి. ఆ రోజు అధ్యాయంతోనే ముందుకు వెళ్లండి. బకాయి పేరుకుంటే బైబిలు అప్పులవాడిలా కనిపిస్తుంది, ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతాం.

ప్రార్థనలో మాటలు రాని రోజులు తప్పకుండా వస్తాయి. అప్పుడు సొంత మాటల కోసం తంటాలు పడక్కర్లేదు. ఒక కీర్తన పైకి చదవండి, పరలోక ప్రార్థన నిదానంగా చెప్పండి. తొలి శతాబ్దాల క్రైస్తవ గ్రంథం దిదఖే ఆ ప్రార్థనను రోజుకి మూడుసార్లు చెప్పమంటుంది. వారానికి రెండు రోజులు, బుధవారం, శుక్రవారం, ఉపవాసం ఉండమని కూడా అదే చెబుతుంది. అంటే రోమా సామ్రాజ్యంలో అల్పసంఖ్యలో ఉన్న ఆ విశ్వాసులు మనసు కుదిరినప్పుడు ప్రార్థిద్దాంలే అనుకోలేదు, వేళ పెట్టుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక నిమిషం, రాత్రి పడుకునే ముందు మూడు నిమిషాలు కలిపితే మీకూ మూడు వేళలు అయ్యాయి.

నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు, పసిపిల్లల తల్లులకు గడియారంతో కుదరదు. వాళ్లు వేళకు బదులు ఒక పనికి ముడిపెట్టుకోవాలి: బిడ్డకు పాలిచ్చేటప్పుడు, బస్సులో మొదటి పది నిమిషాలు, షిఫ్టు అయ్యాక తలుపు తీసే ముందు. ఇరవై నిమిషాలు ఒక్కచోట దొరక్కపోతే నాలుగు ఐదులుగా తీసుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

పనిచోట: దానియేలు దేనికి ఒప్పుకున్నాడు, దేనికి కాదన్నాడు

సింహాల గుహ కథ అందరికీ నోటికొచ్చు. ఉద్యోగస్తులకు నిజంగా పనికొచ్చేది బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం. దాన్ని నెమ్మదిగా చదవండి.

బబులోను రాజ్యం, తాను చెరపట్టి తెచ్చిన యూదా యువకుడు దానియేలు ముందు చాలా పెట్టింది. కల్దీయుల భాష, విద్య నేర్చుకోమంది, మూడేళ్ల శిక్షణ. నేర్చుకున్నాడు. బెల్తెషాజరు అని పేరు మార్చింది. అది తన దేవత పేరును బట్టి పెట్టిందని నాలుగో అధ్యాయంలో రాజే అంటాడు. ఆ పేరుతో పిలిస్తే దానియేలు గొడవపడినట్టు ఎక్కడా లేదు. రాజుగారి కొలువులో ఉద్యోగం ఇచ్చింది. చేశాడు. రాజు భోజనం, ద్రాక్షారసం దగ్గర మాత్రం ఆగాడు. ఇన్నింటికి ఒప్పుకున్నవాడు దీనికి ఎందుకు ఒప్పుకోలేదన్నది పండితులు ఇప్పటికీ చర్చించుకుంటారు. మనకు కావలసిన పాఠం వేరే ఉంది. అతను ప్రతిదానికీ అడ్డం తిరగలేదు, ప్రతిదానికీ తల ఊపలేదు. గీత ఎక్కడ గీయాలో పళ్లెం ముందుకు రాకముందే నిశ్చయించుకున్నాడు.

కాదన్న తీరు చూడండి. ముందు పై అధికారిని అనుమతి అడిగాడు. మీ ముఖాలు పాలిపోతే రాజు దగ్గర నా తలకే ముప్పు అని ఆయన భయపడ్డాడు. దానియేలు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు, ఆయన్ని పిరికివాడని అనలేదు. తమను రోజూ చూసుకునే నియామకుడి దగ్గరికి వెళ్లి చిన్న ఒప్పందం పెట్టాడు: పది రోజులు శాకధాన్యాదులు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీకు ఎలా తోస్తే అలా చేయండి. అందులో ఎదుటివాడికి నష్టం తక్కువ, గడువు ఉంది, ఫలితం కొలవడానికి వీలుంది, ఆఖరి నిర్ణయం అధికారిదే.

దీన్ని మీ ఆఫీసుకి తెచ్చుకోండి. ఉదాహరణకి అమ్మకాల రిపోర్టులో ఒక అంకె పెంచి రాయమన్నారనుకుందాం.

1. అది నిజంగా అబద్ధమేనా అని ముందు తేల్చుకోండి. మీకు తెలియని లెక్కల పద్ధతి ఏదైనా ఉండవచ్చు. లెక్కల విభాగంలో తెలిసినవాళ్లను అడగండి. తప్పు కానిదాన్ని పాపమన్నవాడి మాట తర్వాత ఎవరూ వినరు.
2. అబద్ధమే అయితే మేనేజర్‌తోనే, ఒంటరిగా, అదే రోజు మాట్లాడండి. మత్తయి 18:15 క్రమం కూడా ఇదే: మొదట నీవు, అతడు మాత్రమే.
3. కారణం మీ మీద పెట్టుకుని చెప్పండి: "ఈ అంకెకి ఆధారం నాకు కనబడలేదు సార్. ఆధారం లేనిదానికి నా పేరు పెట్టలేను."
4. ప్రత్యామ్నాయం వెంటనే ఇవ్వండి: "ఉన్న అంకెతో రిపోర్టు సాయంత్రానికి ఇస్తాను. ఎందుకు తగ్గిందో కింద నాలుగు లైన్లు రాస్తాను. వచ్చే నెల ఏం చేయవచ్చో కూడా రాస్తాను."
5. ఆయన పట్టుబడితే ఆ ఆదేశం ఈమెయిల్‌లో పంపమని మర్యాదగా అడగండి. చాలా ఒత్తిళ్లు ఇక్కడే ఆగిపోతాయి.
6. అప్పటికీ కాకపోతే సంస్థ నియమాల్లో ఉన్న పై మెట్టు ఎక్కండి. తేదీలు, ఎవరేమన్నారో రాసి ఉంచుకోండి.

ఇది బెడిసికొట్టే దారులు మూడు. ఒకటి, పై అధికారికి పాపం గురించి ప్రసంగం ఇవ్వడం. రెండు, ఆయనకు చెప్పకముందే నలుగురు సహోద్యోగులకు చెప్పడం. అప్పుడది మనస్సాక్షి సంగతిగా మిగలదు, ఆఫీసు రాజకీయమైపోతుంది. మూడోది అన్నిటికంటే మామూలుగా జరిగేది: ఈ ఒక్కసారికి చేసేసి తర్వాత ఏడవడం. రెండోసారి అడిగినప్పుడు "కిందటిసారి చేశారుగా" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

అన్నీ సరిగ్గా చేసినా ఉద్యోగానికి ఎసరు రావచ్చు. ఆ మాట దాచి ఈ సలహాలు ఇవ్వడం మోసం. అందుకే మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పొదుపు చేయడం కూడా విశ్వాస సాధనలో భాగమే. వాయిదాలు మెడకు చుట్టుకున్నవాడికి "కాదు" అనే మాట నోట్లోంచి రావడం కష్టం. ఆత్మీయ ధైర్యం గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు.

ఎక్కడ కలవాలి, ఎక్కడ ఆగాలి

లోకానికి దూరంగా ఉంటే గొడవే లేదు కదా అనిపిస్తుంది. పౌలు ఆ దారి మూసేశాడు. 1 కొరింథీ 5:9-10లో, అలా దూరం పాటించాలంటే లోకంలోంచే వెళ్లిపోవలసి వస్తుందంటాడు. అదే పత్రిక పదో అధ్యాయంలో, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనుంటే వెళ్లి వడ్డించినది తినమంటాడు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమంటాడు. అదే కలుపుగోలుతనం, అదే హద్దు.

ఒక కాగితం మీద మూడు జాబితాలు రాసుకోండి: సంతోషంగా కలిసేవి, ఒక హద్దు వరకు కలిసేవి, కలవనివి. మొదటి జాబితా పొడవుగా ఉండాలి. పుట్టినరోజులు, ఆటలు, వీడ్కోలు విందులు, కష్టాల్లో చందాలు, ఆసుపత్రి పరామర్శలు. అది చిన్నదైతే మీ అభ్యంతరం విశ్వాసమో మనుషులంటే చిరాకో ఒకసారి చూసుకోవాలి. మూడో జాబితా పొట్టిగా, స్పష్టంగా ఉండాలి: అబద్ధం, లంచం, ఇంకొక దేవుడికి చేసే ఆరాధన, వివాహ బంధానికి ద్రోహం, పరువు తీసే మాట. మీ మనస్సాక్షి ఒప్పని నినాదాన్ని మీ పేరుతో పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. ఆ నినాదం ఎవరి గురించైతే ఉందో వాళ్లతో మీ పలకరింపులో మాత్రం వీసమెత్తు తేడా రాకూడదు. మధ్య జాబితా గురించే సంఘంలో పెద్దలతో మాట్లాడాలి. మద్యం విషయంలో సంఘాల మధ్యనే తేడాలున్నాయి, కొందరు పూర్తిగా మానమంటారు, కొందరు మితం అంటారు.

తాగనివాళ్లు పార్టీల్లో పాటించదగ్గ పద్ధతి ఇది. త్వరగా వెళ్లండి. మొదటే ఒక జ్యూసో సోడానో చేతిలోకి తీసుకోండి, గ్లాసు ఖాళీగా ఉన్నవాడినే అందరూ బతిమాలతారు. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యం: "నేను తాగనండి, మీరు కానివ్వండి." కారణాలు చెప్పకండి, చెబితే ఒక్కో కారణానికీ ఒక్కో సమాధానం వస్తుంది. ఆరోగ్యం బాలేదని అబద్ధం అసలే చెప్పకండి, వచ్చే పార్టీకల్లా మీ ఆరోగ్యం బాగుపడాల్సి వస్తుంది. ఎన్ని గంటలకు బయల్దేరతారో ముందే అనుకుని ఆ వేళకు లేవండి.

ముందే తెలియనివ్వండి

యేసు ఎవరో తనకు తెలియదని శిష్యుడు పేతురు తడబడింది న్యాయాధిపతి ముందు కాదు. చలి మంట దగ్గర, ఒక పనిపిల్ల మామూలుగా అడిగిన ప్రశ్న ముందు. మొదటి "కాదు" నోట్లోంచి వచ్చాక రెండోది, మూడోది వాటంతటవే వచ్చాయి. మనకూ అంతే. ఎవరూ విచారణ జరపరు. "ఆదివారం ఏం చేశావు?" అంటారు. "ఏముంది, ఇంట్లోనే" అనేస్తాం.

కొత్త చోట చేరిన మొదటి రెండు మూడు వారాల్లోనే, మాటల మధ్యలో, బరువు లేకుండా చెప్పేయండి: "ఆదివారం పొద్దున ఆరాధనకు వెళ్తాం, మధ్యాహ్నం నుంచి ఖాళీయే." అంతే. బల్ల మీద వచనాలు అతికించక్కర్లేదు. ముందే తెలిసిన మనిషి ఏదైనా మానుకుంటే "అతని పద్ధతి అది" అనుకుంటారు. రెండేళ్లు దాచి ఒకరోజు హఠాత్తుగా కాదంటే మమ్మల్ని తీర్పు తీరుస్తున్నాడు అనుకుంటారు.

తెలిశాక మీ పని మీద కళ్లుంటాయి. దాదాపు క్రీ.శ. 112లో బితూనియ అనే రోమా ప్రాంతానికి గవర్నరైన ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన లేఖలో తాను విచారించిన క్రైస్తవుల గురించి చెబుతాడు: నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటారు, క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారు, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, తమ దగ్గర దాచినది అడిగితే లేదనబోమని ప్రమాణం చేస్తారు. ఆయన వాళ్లను శిక్షిస్తున్నవాడు. అయినా అతని కంట పడినవి ఇవీ. కాబట్టి చెప్పిన వేళకు పని ఇవ్వడం, మీ తప్పు ఎవరూ పట్టుకోకముందే ఒప్పుకోవడం, ఇతరుల శ్రమను మీ ఖాతాలో వేసుకోకపోవడం, ఇవి ముందు చూసుకోండి.

ఎవరైనా అడిగితే

1 పేతురు 3:15 "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమంటుంది. అందులో "అడుగు ప్రతివానికిని" అని కూడా ఉంది. అడగనివాడికి జవాబు ఇవ్వాలన్న తొందర అక్కర్లేదు.

"నువ్వు ఎందుకు నమ్ముతావు?" అంటే ఒక్క నిమిషంలో చెప్పగలిగే జవాబు రాసి, పైకి చదివి, అలవాటు చేసుకోండి. అందులో మూడు సంగతులుంటే చాలు: యేసులో నన్ను పట్టుకున్నది ఏమిటి, దానివల్ల నాలో ఏం మారింది, ఇంకా నాకు ఏది కష్టంగా ఉంది. మూడోది చెబితే వినేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. పొదిగిన వచనాలు, "రక్షింపబడ్డాను", "భారం కలిగింది" లాంటి సంఘ పరిభాష బయటివాళ్లకు అర్థం కాదు. మామూలు మాటల్లో చెప్పడం వస్తే మీకు కూడా అది అర్థమైందన్నమాట.

తెలియని ప్రశ్నకు "తెలియదు, చూసి గురువారం చెప్తాను" అనండి. గురువారం తప్పకుండా చెప్పండి. ఎగతాళిగా అడిగారో నిజంగా అడిగారో తేలకపోతే "మీకు ఈ ప్రశ్న ఎక్కడ మొదలైంది?" అని తిరిగి అడగండి. వెక్కిరించడానికి వచ్చినవాడు అక్కడితో ఆగిపోతాడు. గాయపడినవాడు మాట్లాడడం మొదలుపెడతాడు, అప్పుడు మీరు మాట్లాడడం ఆపాలి.

ఇంటర్నెట్‌లో వాదనకు రెండు జవాబులే పరిమితి. కోపం తెప్పించిన పోస్టుకి 24 గంటల తర్వాతే స్పందించండి, సగం జవాబులు అప్పటికి అనవసరమైపోతాయి. వాట్సాప్‌లో వచ్చే అద్భుతాల వార్తలు, హింస వార్తలు, ఫలానా శాస్త్రవేత్త బైబిలు నిజమని ఒప్పుకున్నాడనే కథలు నిజమో కాదో చూడకుండా ముందుకు పంపకండి. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞకు ఫార్వర్డ్‌ల మినహాయింపు లేదు. అవిశ్వాసులు రాసే పుస్తకాల కంటే ఈ ఒక్క అలవాటే విశ్వాసుల మాటకు ఎక్కువ విలువ పోగొడుతోంది.

ఫోను, అసూయ, ఒంటరి రాత్రులు

కీర్తన 73లో ఆసాపు తన కాళ్లు కొంచెంలో జారిపోయేవంటాడు. కారణం హింస కాదు, భక్తిహీనుల క్షేమం చూసి పుట్టిన అసూయ. పదిహేడో వచనంలో దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేవరకు అది తెగలేదు. ఆయన అప్పుడప్పుడూ చూసినది మనం బొటనవేలితో రోజుకి వందసార్లు చూస్తున్నాం.

కాల్స్, ఇంటివాళ్ల మెసేజ్‌లు తప్ప నోటిఫికేషన్లు అన్నీ ఆపేయండి. వీడియో యాప్‌లను మొదటి పేజీలోంచి తీసేయండి, కుదిరితే ఫోన్లోంచే తీసేసి కంప్యూటర్లో మాత్రం చూడండి. తెర రంగులు తీసి నలుపు తెలుపు చేస్తే వేలాడే సమయం చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఎవరి పోస్టులు చూశాక మీకు మీ ఇల్లు, మీ భార్య లేక భర్త, మీ జీతం చిన్నగా కనిపిస్తున్నాయో ఆ ఖాతాలను చూడడం మానేయండి.

అశ్లీల చిత్రాల విషయంలో "ఇకనుంచి గట్టిగా ఉంటాను" అనే తీర్మానం పనిచేయదు. ఆ పొరపాటు జరిగేది ఒంటరిగా, అలసిపోయి, రాత్రివేళ తలుపు వేసుకున్నప్పుడు. మత్తయి 5:29లో యేసు దారినే నరికేయమంటున్నాడు. వడపోత సాఫ్ట్‌వేర్ పెట్టించి పాస్‌వర్డ్ నమ్మకస్తుడికి ఇచ్చేయండి, రాత్రి పదికి ఫోను హాల్లో వదిలేయండి, పడిపోతే 24 గంటల్లోపు ఆ మనిషికి చెప్పండి. చెప్పాలని తెలిసినప్పుడే ఆ శోధనకు సగం బలం తగ్గుతుంది. అలవాటు మరీ ముదిరితే వైద్యుణ్ణో కౌన్సిలర్‌నో కలవడం విశ్వాసలోపం కాదు.

ఇద్దరు ముగ్గురు

ఇప్పటిదాకా చెప్పినవి ఒంటరిగా మూడు నెలలకు మించి నిలబడవు. ఆదివారం ఆరాధన ఉండాలి, కానీ రెండు వందల మంది మధ్య కూర్చుని ఎవరికీ ఏమీ తెలియకుండా ఇంటికి రావచ్చు.

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, బోధకుడు జాన్ వెస్లీ సమూహం ఒక కట్టడం అప్పు తీర్చడానికి, దాదాపు పన్నెండేసి మందిని ఒక్కొక్క నాయకుడికి అప్పజెప్పి వారానికి ఒక పెన్నీ చొప్పున వసూలు చేయించింది. డబ్బుకోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకు మనుషుల అసలు పరిస్థితులు కనబడ్డాయి. అప్పు సంగతి అలా ఉంచి, మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముక అయిన వారపు కూటాలు అలా పుట్టాయి.

మీకు పన్నెండు మంది అక్కర్లేదు, ముగ్గురు నలుగురు చాలు. పురుషులు విడిగా, స్త్రీలు విడిగా ఉంటే మాట దాపరికం లేకుండా వస్తుంది. వారానికి ఒక గంట, ఒకే రోజు, ఒకే వేళ. ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఈ వారం వాక్యంలో నన్ను ఆపిన మాట ఏది? ఎక్కడ దాచాను, ఎక్కడ అబద్ధమాడాను? డబ్బు, శరీరం, కోపం, వీటిలో ఏది లాగింది? ఎవరికి క్షమాపణ బాకీ ఉన్నాను? ఇప్పుడు చెప్పిన జవాబుల్లో ఏదైనా నిజం కాదా? ఆఖరి ప్రశ్న దగ్గర గొంతులు తగ్గుతాయి, దాన్ని మాత్రం వదలకండి. తర్వాత ఒకరికోసం ఒకరు ప్రార్థన, యాకోబు 5:16 చెప్పినట్టే.

విన్నది గది దాటకూడదు, భార్యాభర్తలకైనా సరే. ఒక మినహాయింపు: ఎవరి ప్రాణానికైనా, పిల్లల భద్రతకైనా ప్రమాదం ఉంటే దాచకూడదు, ఆ మాట మొదటి రోజే అందరికీ చెప్పి ఉంచండి. ఈ కూటాలు పాడయ్యేది రెండు రకాలుగా. ప్రార్థన అంశాల పేరుతో ఊళ్లోవాళ్ల సంగతులు దొర్లడం, లేదా ఒకడే సలహాలిచ్చే గురువు కావడం. సలహా అడిగితేనే ఇవ్వాలన్న నియమం పెడితే రెండోది ఆగుతుంది. మొదటిదానికి మందు ఒకటే: గదిలో లేని మనిషి పేరు ఎత్తకపోవడం.

డబ్బు, విశ్రాంతి, పిల్లలు

దేవుని పనికి ఇచ్చేది జీతం రాగానే తీసి పక్కన పెట్టండి. 1 కొరింథీ 16:2లో పౌలు చెప్పిన పద్ధతి అదే, వారం మొదటి రోజునే తీసి ఉంచడం. నెలాఖరుకి మిగిలితే ఇద్దామంటే ఎవరికీ మిగలదు. దశమభాగం చాలామంది పాటించే కొలత. అప్పుల్లో ఉన్నవాళ్లు నూటికి మూడుతో మొదలుపెట్టి, ఒక్కో అప్పు తీరినప్పుడల్లా ఒక్కో శాతం పెంచుకోవచ్చు. ఇస్తే రెట్టింపు వస్తుందని లెక్క వేసి ఇస్తే మాత్రం అది కానుక కాదు, పెట్టుబడి.

వారంలో ఒక పూర్తి రోజు పని ఆపండి. ఆపడానికి సిద్ధపడాల్సింది ముందురోజు: ఈమెయిళ్లు ముగించడం, బట్టలు, వంట సామాను చూసుకోవడం, "రేపు అందుబాటులో ఉండను, అత్యవసరమైతే కాల్ చేయండి" అని ఒక మెసేజ్. ఆసుపత్రుల్లో, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఆదివారం దొరకకపోతే వేరే రోజు పెట్టుకుని, వారం మధ్యలో జరిగే ఆరాధనకు వెళ్లాలి. ఆ రోజు ఇంటి ఆడవాళ్లకు కూడా విశ్రాంతి అయితేనే అది విశ్రాంతి దినం.

పిల్లల విషయంలో ద్వితీయోపదేశకాండం 6:7 నాలుగు సందర్భాలు చెబుతుంది: కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. గంటసేపు కుటుంబ ప్రార్థన పెట్టి పిల్లల్ని నిద్రపుచ్చే కంటే ఏడెనిమిది నిమిషాలు రోజూ చేయడం మేలు: ఒక చిన్న భాగం, ఒక ప్రశ్న, ఒక పాట, ఒక్కొక్కరి ఒక్క వాక్యం ప్రార్థన. పరిణామ సిద్ధాంతం గురించో ఇతర మతాల గురించో పన్నెండేళ్ల పిల్లాడు అడిగితే "అలా అడగకూడదు" అనకండి. అడగడం ఆపడు, మిమ్మల్ని అడగడం ఆపుతాడు.

అనుమానం వచ్చినప్పుడు, పడిపోయినప్పుడు

అనుమానాలన్నీ ఒక జాతివి కావు. కొన్ని సమాచారం లేక వచ్చేవి, వాటికి మంచి పుస్తకం, చదువుకున్న కాపరి సరిపోతారు. కొన్ని గాయం వల్ల వచ్చేవి: జవాబు రాని ప్రార్థన, సంఘంలో తగిలిన దెబ్బ. వాటికి వాదనలు ఇస్తే పుండు మీద కారమే. వినే మనిషి కావాలి, కీర్తన 88 కావాలి, ఆ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. ఇంకొన్ని, మానుకోలేని పాపానికి వెతుక్కునే సాకులు. ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసి, ఈ మూడింట్లో ఏదో పక్కన గుర్తు పెట్టండి. ఆ సమయంలో ఆరాధన మానకండి. మార్కు 9:24లో, దయ్యం పట్టిన కొడుకుని తెచ్చిన తండ్రి నమ్ముతున్నాననీ, తన అపనమ్మకానికి సహాయం చేయమనీ ఒకే ఊపిరిలో అన్నాడు, యేసు కొడుకుని బాగుచేశాడు.

పడిపోవడం కూడా తప్పదు. ఏదో ఒక నెలలో ఆ అంకె సర్దేస్తారు, ఏదో ఒక పార్టీలో నవ్వకూడనిదానికి నవ్వుతారు. అప్పుడు చేయాల్సింది క్రమంగా: దేవునితో ఆ పనిని దాని అసలు పేరుతో ఒప్పుకోవడం ("పొరపాటు" కాదు, "అబద్ధం"), నష్టం కలిగింది ఎవరికో వాళ్ల దగ్గరికి 48 గంటల్లో వెళ్లడం, సరిచేయగలిగింది సరిచేయడం, ముగ్గురి కూటంలో చెప్పడం. క్షమాపణలో "కానీ" రాకూడదు. "నిన్నటి రిపోర్టులో ఒక అంకె తప్పని తెలిసే రాశాను సార్. సరైనది ఇదిగో. దీనివల్ల వచ్చే మాట నేను పడతాను." ఇది చెప్పేటప్పుడు విశ్వాసం ప్రస్తావన తేవద్దు. వాళ్లే ఎందుకు చెప్పారని అడిగితే, ముందే రాసి అలవాటు చేసుకున్న ఆ ఒక్క నిమిషం జవాబు అప్పుడు చెప్పండి.